దాపల పట్టిన మనిషి

ఆ పలక మీద రాసిన మాటలు చదివి, కళ్ళద్దాలు తీసి, చీర చెంగుతో తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివాను. అవే మాటలు.

"దాపల: ఆపరేటర్ల యాస మాట. పని వేళలో సీటు వదిలి వెళ్ళిపోవడం; బాధ్యత ఎగ్గొట్టడం. ఈ అలవాటు కారణంగా ఒక ఆపరేటరును ఉద్యోగం నుంచి తొలగించవలసి వచ్చింది."

మా పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజిని ప్రదర్శనశాలగా మారుస్తున్నారు. ఒకప్పుడు మేము వరసగా కూర్చుని పనిచేసిన కింది హాల్లో, గోడ పొడవునా మా ఫోటోలు, మా పరికరాలు, మేము మాట్లాడుకున్న మాటలు పలకల మీద పెడుతున్నారు. అచ్చుకు పోయే ముందు తప్పులు దిద్దమని నన్ను పిలిచారు. అక్షరదోషాలు చూడడానికి వచ్చిన నాకు ఈ పలక ఎదురయింది.

అక్కడ పేరు లేకుండా రాసిన "ఒక ఆపరేటరు" బతికే ఉంది. మేము ఆమెను గంట అనేవాళ్ళం, ఆమె కంఠం అటువంటిది. శుక్రవారం ప్రారంభోత్సవానికి ఆమె కూతురు ఆమెను తీసుకువస్తోంది. ఇన్నేళ్ళ తరువాత ఆ హాల్లో అడుగుపెట్టి, కూతురి భుజం పట్టుకుని, ఆమె ఈ గోడ ముందు నిలబడుతుంది. పని ఎగ్గొట్టిన మనిషి అని తన గురించి తానే చదువుకుంటుంది. కూతురూ చదువుతుంది. నేను బతికుండగా అది జరగనివ్వకూడదనుకున్నాను.

"ఈ అర్థం నీకు ఎవరు చెప్పారమ్మా?" అని ప్రదర్శనశాల అమ్మాయిని అడిగాను. చిన్నపిల్ల, జుట్టు పైకి ముడివేసి అందులో పెన్సిలు గుచ్చుకుంటుంది.

"చీఫ్ ఇంజనీరు గారండీ. ఇంటికెళ్ళి రికార్డు చేసుకొచ్చాను. చాలా ఓపిగ్గా చెప్పారు మేడమ్."

"ఆయన గది ఎక్కడ ఉండేదో చెప్పారా?"

"పై అంతస్తులో అన్నారు."

"ఈ మాట బతికింది కింది హాల్లో. పైనున్నవాళ్ళకు ఇది వినబడింది గానీ, ఎవరూ ఎన్నడూ వాళ్ళతో అనలేదు. వంట గురించి తెలుసుకోవాలంటే వండినవాళ్ళను అడుగుతావా, పళ్ళెం ముందు కూర్చున్నవాళ్ళను అడుగుతావా?"

అమ్మాయి నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. "మేడమ్, మీరు చెప్పేదే నిజమనిపిస్తోంది. కానీ ఆవిడ సీటు దిగిన రోజు మీరు డ్యూటీలో లేనన్నారు కదా. ఆయనేమో విచారణలో కూర్చున్న మనిషి. రేపు ఆయనొచ్చి ఇదేంటని అడిగితే నేనేం చెప్పను? ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళు ఒక్కరు నా ముందు చెప్పినా చాలు, మార్చేస్తాను. పలకలు బుధవారం సాయంత్రం ప్రింటుకెళ్తాయి."

ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పు లేదు. సాక్ష్యం లేకుండా తీర్పు మార్చమని నేనూ ఎవరినీ అడగను. కాన్వెంటులో సిస్టర్లు నాకు నేర్పినవాటిలో అరిగిపోకుండా మిగిలినది అదొక్కటే.

ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళలో చాలామంది పోయారు. మిగిలినవాళ్ళలో ఆ సంగతి తెలిసి చెప్పగలిగిన మనిషి ఒక్కతే. గంటకు కుడిపక్క సీటులో కూర్చున్న పొడుగక్క. ఆమెతో నేను పని మాటలు తప్ప వేరే మాట మాట్లాడక దశాబ్దాలయింది.

*

దాపల అంటే ఏమిటో ముందు చెప్పాలి.

కాడికి కట్టిన రెండు ఎడ్లలో ఎడమవైపుది దాపల. ఇది అందరికీ తెలిసిన అర్థమే. మా వైపు బళ్ళ అడ్డాలో మాత్రం దీనికి ఇంకో వాడుక ఉండేది. వరసగా బళ్ళు పోతూ ఉండగా ఒక బండివాడు ఏ కారణంగానో దిగిపోవలసి వస్తే, పక్క బండివాడు "దాపల" అని ఒక్క మాట అని, ఆ బండి పగ్గాలు కూడా తన ఎడమచేతిలోకి తీసుకునేవాడు. ఎందుకు దిగుతున్నావని అడిగేవాడు కాదు. బళ్ళు పోయి లారీలు వచ్చాయి. ఆ బళ్ళవాళ్ళ కూతుళ్ళూ చెల్లెళ్ళూ నాలుగక్షరాలు నేర్చుకుని ఎక్స్ఛేంజిలో చేరారు. వాళ్ళతో పాటు ఆ మాటా మెట్లెక్కి వచ్చి బోర్డుల ముందు కూర్చుంది.

ఆ హాలు ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. పొడవాటి గది, ఎత్తయిన కిటికీలు, గోడకు ఆనించినట్టు బోర్డుల వరస. ఒక్కో బోర్డుకు ఒక్కో ఎత్తు కుర్చీ, కాళ్ళు పెట్టుకోవడానికి ఇత్తడి కమ్మీ. ఏళ్ళ తరబడి చెప్పులు రాసుకుని ఆ కమ్మీ మధ్యలో మాత్రం మెరిసేది. బోర్డు మీద చిన్న దీపం వెలిగిందంటే ఊళ్ళో ఎక్కడో ఎవరో రిసీవరు ఎత్తారన్నమాట. గుడ్డ చుట్టిన తీగ లాగి ఆ రంధ్రంలో గుచ్చి, "నంబరు ప్లీజ్" అని, వాళ్ళడిగిన చోట రెండో తీగ గుచ్చాలి. వేసవిలో తీగల గుడ్డకు మా చేతుల చెమట పట్టి ఒక వాసన వచ్చేది. ఆ వాసన కోసం నేనిప్పుడు ఏ కొట్లోనైనా డబ్బిచ్చి కొనుక్కుందునేమో.

నేను చేరిన కొత్తలో నాకు "కాన్వెంటు" అని పేరు పెట్టారు. "కాన్వెంటూ, నీ ఇంగ్లీషు కొంచెం ఇటు విసురు, ఇక్కడో దొరగారు దొర్లుతున్నాడు" అని పిలిచేవాళ్ళు. గంటకు మాత్రం ఎవరి సాయమూ అక్కర్లేదు. ఆమె "నంబరు?" అంటే అవతల మనిషి నంబరు మరిచిపోయేవాడు. మళ్ళీ అడుగుతుందని కావాలనే తప్పు నంబరు చెప్పేవాళ్ళు కూడా ఉండేవారు. "నీ గొంతుకు మనిషి అక్కర్లేదే, దాన్ని బోర్డు మీద పెట్టేసి నువ్వింటికెళ్ళు" అని పొడుగక్క వెక్కిరించేది.

పొడుగక్క మాకందరికీ పెద్ద. చిన్నబజారులో ఉండిన మొదటి ఎక్స్ఛేంజిలో పనిచేసి, అది మూతపడ్డాక మా హాలుకు వచ్చింది. ఆమె చేతులు ఎంత పొడుగంటే, కుర్చీలోంచి లేవకుండా పక్క బోర్డు చివరి వరస దాకా అందేవి.

ఒకరు రెండు బోర్డులు చూడకూడదని నిబంధన. విరామం కాని వేళలో సీటు దిగకూడదని ఇంకో నిబంధన. పిల్లలకు పాలివ్వవలసిన తల్లులు, నెలసరి నొప్పితో కూర్చోలేని ఆడపిల్లలు, ఇంటి దగ్గర మంచం పట్టిన మనిషి ఉన్నవాళ్ళు ఆ హాల్లో పనిచేస్తారని ఆ నిబంధనలు రాసినవాళ్ళకు తోచినట్టు లేదు. అందుకని మాకు దాపల ఉండేది.

దాని పద్ధతి ఇది. వెళ్ళవలసిన మనిషి నోరు తెరిచి అడగకూడదు. హెడ్‌ఫోను మెడ మీదికి జార్చుకుంటుంది, అంతే. కుడిపక్క మనిషి తల తిప్పకుండా "దాపల" అంటుంది. అన్నాక ఆ బోర్డు మీద వెలిగే ప్రతి దీపానికీ ఆమెదే జవాబు. వెళ్ళినామె వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే అయిపోయినట్టు. నేను మొదటిసారి దాపలలో బయటికి వెళ్ళి వచ్చినప్పుడు, అలవాటు చొప్పున "థాంక్యూ" అన్నాను. పొడుగక్క తీగ గుచ్చుతూనే నా వైపు చూసింది.

"ఇదిగో కాన్వెంటూ, దాపలకి థాంక్యూలు చెప్పకూడదు."

"ఏం? చెబితే ఏమవుతుంది?"

"బేరమైపోతుంది."

ఇంకొక్క కట్టుబాటు ఉండేది. దాపల ఎవరు పట్టారన్నది హాలు దాటి బయటికి పోకూడదు. సూపర్‌వైజరు అడిగినా, ఇంట్లో మొగుడు అడిగినా సరే. చూసినవాళ్ళు చచ్చినా చెప్పరు. ఆ మాటను ఆ హాలులో ఎవరూ ఎన్నడూ దుర్వినియోగం చేయలేదంటే దానికి కారణం ఈ కట్టుబాటే అని నా నమ్మకం. ఎవరి పేరూ బయటికి రానప్పుడు గొప్ప చెప్పుకోవడానికీ వీలుండదు, ఎత్తిపొడవడానికీ వీలుండదు.

*

ఆ రోజు నాది సాయంత్రం వంతు. నేను వెళ్ళేసరికి గంట కుర్చీ ఖాళీగా ఉంది, హాల్లో ఎవరూ ఎవరి మొహమూ చూడడం లేదు. తరువాత ఒక్కొక్క ముక్కే తెలిసింది.

గంటకు అప్పుడు చంటిబిడ్డ. వాళ్ళ అత్తగారు రోజూ బిడ్డను వెనక గేటు దగ్గరికి తీసుకువచ్చేది. గంట హెడ్‌ఫోను జార్చుకుంది. పొడుగక్క "దాపల" అంది. గంట వెనక్కి వెళ్ళింది. అప్పుడే పొడుగక్క సొంత బోర్డు మీద ఒక దీపం వెలిగింది. గోదాము అంటుకుంది, కాపలావాడు ఏడుస్తూ అరుస్తున్నాడు, వీధి పేరు చెప్పమంటే చెప్పలేకపోతున్నాడు. పొడుగక్క అగ్నిమాపక కేంద్రానికి కలిపి, వాళ్ళకు వాడి ఏడుపు అర్థం కాకపోతే మధ్యలో ఉండి గుర్తులడిగి దారి చెప్పింది. అదే సమయంలో గంట బోర్డు మీద ఊరి పెద్దమనిషి ఒకాయన దీపం వెలిగింది. ఆయన ట్రంక్ కాల్ కోసం చూస్తున్నాడు. ఆ దీపం వెలిగి, వెలిగి, ఆరిపోయింది.

ఆయన ఇంకో బోర్డు మీదికి వచ్చే పక్కింటి ఫోను నుంచి చీఫ్ ఇంజనీరు సొంత నంబరు కలిపించుకుని విరుచుకుపడ్డాడు. సూపర్‌వైజరు దడదడా హాలులోకి వచ్చి చూస్తే కుర్చీ ఖాళీ. గంట పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఆవిడ బోర్డు ముందు నిలబడి ఉంది. "పద పైకి" అంది. గంట మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

విచారణ పై అంతస్తులో జరిగింది. సీటు వదిలి వెళ్ళారా లేదా అని గంటను అడిగారు. వెళ్ళానంది. పక్క సీటు ఖాళీగా ఉండడం చూశారా అని పొడుగక్కను అడిగారు. చూశానంది. ఇద్దరూ అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. గంట ఉద్యోగం పోయింది.

నేను ఊరుకోలేదు. కాన్వెంటు చేతిరాతతో, దాపల పట్టినామె పేరు లేకుండా, పెద్ద అర్జీ రాసి పైకి తీసుకువెళ్ళాను. చీఫ్ ఇంజనీరు దాన్ని చదవకుండానే, "నువ్వు చూశావా?" అన్నాడు. "లేదండీ." "అయితే వెళ్ళు." అంతే. ఆ రోజు నుంచి నా కోపమంతా పొడుగక్క మీదకు మళ్ళింది. రెండు మాటలు చెప్పి ఉంటే గంట నిలబడేది. ఆమె చెప్పలేదు. తరువాత సూపర్‌వైజరు అయింది, పూలదండలతో రిటైరయింది. ఆ సభకు నేను వెళ్ళలేదు.

*

ఆమె ఇప్పుడు చిన్నకొడుకు దగ్గర ఉంటోంది. తలుపు తీసిన కోడలు, "రండి పిన్నిగారూ, అత్తయ్య లోపలున్నారు. కుడిచెవి వైపు కూర్చోండి, ఎడమ చెవి పూర్తిగా పోయింది" అంది. హెడ్‌ఫోను పెట్టుకున్న చెవి ఎడమదే.

పొడుగక్క కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఆ చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. ఒడిలో పెట్టుకుంటే ఎక్కడ మడిచి పెట్టాలో తెలియనట్టు.

"ఎవరూ? కాన్వెంటా?" అంది. "నేను పోయాక వస్తావనుకున్నా. ముందే వచ్చావే!"

"పనుండి వచ్చాను."

"పని లేకపోతే నువ్వెందుకొస్తావులే. కూర్చో. కర్ర మింగినట్టు అలా నిలబడకు."

కూర్చుని సంగతంతా చెప్పాను. పలక మీది మాటలు చదివి వినిపించాను. "బాధ్యత ఎగ్గొట్టడం" అన్నప్పుడు ఆమె పెదవులు కదిలాయి.

"శుక్రవారం గంట వచ్చి ఇది చదువుతుంది, నువ్వు ఒక్క మాట చెబితే ఆ పలక మారుతుంది. ఆ రోజు దాపల పట్టింది నువ్వే కదా?"

పొడుగక్క కిటికీ వైపు తిరిగింది. "నన్నడక్కు" అంది. "నేను చెప్పకూడదు."

"ఇంకా ఏం కట్టుబాటక్కా? ఎక్స్ఛేంజి లేదు, బోర్డు లేదు, అడిగే సూపర్‌వైజరు లేదు. అప్పుడంటే భయపడ్డావు, ఇప్పుడెవరికి భయం?"

"భయపడ్డానని నీకెవరు చెప్పారు?" అంటూ ఇటు తిరిగింది. "సరే, భయపడ్డా. మా ఆయన మంచంలో ఉన్నాడు, నా జీతం మీదే ఇల్లు. లేదనను. కానీ ఆ భయం ఎన్నాళ్ళుంటుందే? విచారణ నడిచినన్నాళ్ళూ నేను దాని కోసమే చూశా. విడుపు చెప్తే పైకెళ్ళి అంతా చెప్పేద్దామని. అది చెప్పలేదు."

"ఏం చెప్పలేదు?"

"విడుపు."

నేను ఆమె మొహంలోకి చూశాను. ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

"ఏంటలా చూస్తావ్? దాపలకి విడుపుండదూ? వెళ్ళిన మనిషి తిరిగొచ్చి 'విడుపు' అనాలి. అంటేనే పట్టిన మనిషికి బోర్డూ వదిలినట్టు, నోరూ వదిలినట్టు. అనకపోతే పట్టినట్టే. చిన్నబజారులో మేమంతా అలాగే చేసేవాళ్ళం. బండివాళ్ళూ అంతేగా, పగ్గం తిరిగిచ్చేటప్పుడు."

"మా హాల్లో ఎవరూ అనలేదక్కా. భుజం మీద చెయ్యి వేసేవాళ్ళం."

"ఆ చెయ్యి ఎందుకేస్తారనుకున్నావ్? నోటితో అనే బదులు. మీ హాల్లో అంతా మూగ వేషాలే కదా. నాకు చెయ్యి పడ్డా విడుపే. ఆ రోజు చెయ్యీ పడలా. సూపర్‌వైజరు దాన్ని నా దగ్గరికి రానివ్వకుండానే లాక్కుపోయింది." ఆమె గొంతు తగ్గింది. "వాళ్ళింటికి కూడా వెళ్ళానే. వీధిలో నిలబడ్డా. వాళ్ళత్త వచ్చి, కోడలు ఇంట్లో లేదంది. లోపల బిడ్డకి లాలి పాడుతోంది, నాకు వినబడుతోంది. ఆ గొంతు నాకు తెలీదూ? విడవడం ఇష్టం లేదనుకున్నా. నా పేరు బయటపెట్టకూడదని అది అనుకుంటుంటే నేనెవర్ని కాదనడానికి? వచ్చేశా."

మా హాలులో మేము నేర్చుకున్నది ఇది కాదు. దాపల పట్టినామె కావాలంటే తన పేరు తానే చెప్పుకోవచ్చు, ఇంకెవరూ చెప్పకూడదు. ఆ మౌనం ఆమెది. విప్పే హక్కూ ఆమెదే. గంట ఇలా నేర్చుకుంది, నేనూ ఇలాగే నేర్చుకున్నాను. ఒకే మాటను గంటా పొడుగక్కా రెండు చోట్ల నేర్చుకుని, ఒకరి పక్కన ఒకరు కూర్చుని రోజూ వాడారు. తేడా ఉందని తెలియవలసిన అవసరం ఆ ఒక్క రోజు దాకా రాలేదు.

నేను సంచిలోంచి ఫోను తీసి గంట నంబరు నొక్కాను. అవతలి గొంతు పైకి వినబడేలా పెట్టి కుర్చీ చేతి మీద ఉంచాను.

"ఆ, చెప్పు కాన్వెంటూ" అంది గంట. కంఠం కొంచెం పగిలింది గానీ, మోగడం మానలేదు.

"నేను పొడుగక్క దగ్గర ఉన్నాను."

అవతల టీవీ కట్టేసిన చప్పుడయింది.

"ఆవిడ దగ్గర నీకేం పని?"

దాచిపెట్టి లాభం లేదు. పలక సంగతి, చీఫ్ ఇంజనీరు చెప్పిన అర్థం, విడుపు అన్న మాట, అన్నీ చెప్పాను. నేను ఆపగానే పొడుగక్క ఫోను వైపు వంగింది.

"నువ్వు విడుపు చెప్పలేదే" అంది, ఉండబట్టలేక. "నేను మీ వీధిలో నిలబడ్డా."

"తెలుసు. మా అత్త చెప్పింది. లేనని చెప్పమన్నది నేనే."

"ఎందుకు?"

"ఎందుకేంటక్కా! నాకు సారీ చెప్పడానికొచ్చావనుకున్నా. చెప్పాల్సింది నాకు కాదు, పైకెళ్ళి వాళ్ళకి చెప్పాలి. నా గుమ్మంలో ఏడిచి నీ బరువు దించుకుపోదామనుకున్నావా అని ఒళ్ళు మండింది. లోపలే కూర్చున్నా."

"నేను విడుపడగడానికి వచ్చానే, పిచ్చిదానా."

"ఆ మాటుందని నాకెవరు చెప్పారు? నువ్వు చెప్పావా? రోజూ నా పక్కన కూర్చున్నావు. నా టిఫిను డబ్బాలోంచి తిన్నావు. ఒక్క రోజైనా చెప్పావా?"

"చెప్పక్కర్లేదనుకున్నా. అందరికీ తెలిసిన సంగతే కదాని."

కోడలు గుమ్మం దాకా వచ్చి, మా మొహాలు చూసి వెనక్కి తిరిగిపోయింది.

"సరేనే" అంది పొడుగక్క, బతిమాలుతున్నట్టు. "ఇప్పుడు చెప్పు. ఒక్కసారి విడుపు అను. ఆ అమ్మాయి దగ్గరికెళ్ళి మొత్తం చెప్తా."

"అనను."

"ఏమే!"

"అనను అక్కా. ఇప్పుడు నేనా మాటంటే, ఇన్నేళ్ళూ అనకపోవడం నా తప్పయినట్టుంటుంది. నా ఉద్యోగం నేనే పోగొట్టుకున్నట్టుంటుంది. మా ఆయన చచ్చేదాకా అదే అన్నాడు, నోరు విప్పక నీ కొంప నువ్వే ముంచుకున్నావని. నీ మాట నువ్వే తెంపుకో. తెంపుకోలేకపోతే ఆ గోడ మీద ఏముంటే అదే ఉండనీ. నేను శుక్రవారం వస్తా. వచ్చి అదే చదువుకుంటా. నా కూతురికీ చదివి వినిపిస్తా."

ఫోను పెట్టేసింది.

ఎదురుగా ఉన్న మనిషిని బతిమాలడం నాకు చేతకాదు. లేచి చెప్పులు వేసుకున్నాను. "బుధవారం సాయంత్రం దాకా గడువుంది" అని మాత్రం చెప్పాను. పొడుగక్క చేతులు ఒడిలోంచి జారి కుర్చీకి రెండు పక్కలా వేలాడుతున్నాయి.

*

బుధవారం మధ్యాహ్నం నేను హాలులోనే కూర్చున్నాను. అమ్మాయి పలకలన్నీ సర్దుకుని, నా వైపు ఒకసారి, గడియారం వైపు ఒకసారి చూస్తోంది. బయట ఆటో ఆగిన చప్పుడయింది. కోడలి భుజం ఆనుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ పొడుగక్క లోపలికి వచ్చింది. నా వైపు చూడలేదు. తన పాత బోర్డు ఉండిన చోటు వెతుక్కుని, అక్కడ కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"ఏమ్మా, ఆ మిషను పెట్టు" అంది అమ్మాయితో. "ఒక్కసారే చెప్తా. మధ్యలో ఆపకు. ఆపితే మళ్ళీ చెప్పలేను."

అంతా చెప్పింది. వెనక గేటు, చంటిబిడ్డ, గోదాము కాపలావాడు ఏడవడం, పెద్దమనిషి దీపం తనకు కనిపిస్తున్నా చెయ్యి ఖాళీ లేకపోవడం. "ఆ బోర్డు ఖాళీగా లేదు. నేను పట్టా. ఆయన కాల్ వదిలేసింది నేను, అది కాదు. గోదాములో మనుషులున్నారమ్మా. మళ్ళీ అదే జరిగితే మళ్ళీ ఆయన్నే వదిలేస్తా." చెప్పడం అయ్యాక కోడలిచ్చిన నీళ్ళు తాగింది. "నాకు విడుపు రాలేదు" అంది తరువాత. "రాకుండానే చెప్పా. అది కూడా రాసుకో."

పలకకు కొత్త వాక్యాలు నేనూ ఆ అమ్మాయీ కలిసి రాశాము. "యాస మాట" అన్నది తీసేయమన్నాను. అమ్మాయి వినలేదు, యాస అంటే చులకన కాదని నాకు పాఠం చెప్పింది. ఉంచాము. "తొలగించవలసి వచ్చింది" అన్నచోట మాత్రం నేను వెనక్కి తగ్గలేదు. ఎవరికి వచ్చిందా అవసరం? "అన్యాయంగా తొలగించారు" అని రాయించాను.

శుక్రవారం హాలు నిండిపోయింది. గంట కూతురితో వచ్చింది. ఆ రోజు గేటు దగ్గర పాలు తాగిన బిడ్డ ఈమే. ఎవరు పలకరించినా ఆగకుండా గంట నేరుగా గోడ దగ్గరికి నడిచింది. చీఫ్ ఇంజనీరు అప్పటికే అక్కడ ఉన్నారు. మొహం గోడకు దగ్గరగా పెట్టి పలక చదువుతున్నారు.

"ఇదేమిటి? బోర్డును పక్కావిడ చూస్తున్నట్టు అప్పుడు నాకెవరూ చెప్పలేదే!" అన్నారాయన, ఎవరితోనో.

"మీరు అడగలేదండీ" అంది గంట. ఆమె గొంతు పెంచలేదు గానీ, హాలంతా ఇటు తిరిగింది. "సీటు వదిలావా అని అడిగారు. వదిలానన్నాను. ఎందుకని అడగలేదు. నీ బోర్డు ఎవరైనా చూశారా అని అడగలేదు. గోదాము సంగతి ఎవరు చక్కబెట్టారో కూడా మీరు అడగలేదు. పెద్దాయన ఎంతసేపు ఆగారో ఒక్కటే అడిగారు."

ఆయన పలక వైపే తిరిగి, "చదువుతానండీ, పూర్తిగా చదువుతాను" అన్నారు. నాకు ఆ రోజు ఆయన మీద జాలి కలగలేదు. కలగాలని నేను ప్రయత్నించలేదు కూడా.

గంట పలకను మొదటి నుంచి చివరి దాకా చదివింది. పెదవులతో, వేలితో, నెమ్మదిగా. చివరి వాక్యం దగ్గర వేలు ఆగింది. అక్కడ, ఈ మాట వాడుక రెండు విధాలని, చిన్నబజారు ఎక్స్ఛేంజిలో వెళ్ళిన మనిషి విడుపు చెబితే తప్ప పట్టిన మనిషి నోరు విప్పేది కాదని రాసి ఉంది.

"ఇది తప్పు" అంది గంట.

వెనక కుర్చీలో కూర్చున్న పొడుగక్క, "ఏది తప్పు? ఎట్టా తప్పు?" అని కోడలి చెయ్యి పట్టుకుని లేచింది. "నీకంటే ముందు నుంచీ ఉన్న మాటే అది!"

"మీ చిన్నబజారులో నలుగురు మనుషులు, నాలుగు బోర్డులు. అక్కడ ఏమన్నా చెల్లుద్ది. పెద్ద హాల్లో వాడిందే వాడుక."

"ఆహా! మీ పెద్ద హాలుకి ఆ మాట మోసుకొచ్చిందెవరే? మేం కాదూ?"

"మోసుకొచ్చినవాళ్ళు సగం దారిలో పారేసుకొచ్చారు. విడుపు ముక్క మాకు అందనే లేదు!"

గంట కూతురు కంగారుపడి తల్లి భుజం పట్టుకుంది. ప్రదర్శనశాల అమ్మాయి కొప్పులోంచి పెన్సిలు లాగి ఇద్దరివీ రాసుకుంటోంది. ఇద్దరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు.

"నువ్వు చెప్పు కాన్వెంటూ" అంది పొడుగక్క. "న్యాయం న్యాయం అంటావుగా. ఎవరిది ఒప్పు?"

తప్పించుకునే అలవాటు నాకు లేదు. "గంటదే ఒప్పు" అన్నాను. "ఒక కట్టుబాటు ఉందని చెప్పకుండా, దాన్ని మనిషి మీద మోపకూడదు. చెప్పవలసింది నువ్వు."

"నువ్వెప్పుడూ దాని పక్షమే" అంది పొడుగక్క.

"అవును" అన్నాను.

ఆమె ఉక్రోషంగా గంట వైపు తిరిగి, మొదటి ఎక్స్ఛేంజిలో ఫలానా రోజున ఫలానా మనిషి విడుపు ఎలా చెప్పిందో మొదలుపెట్టింది. గంట చేతులు కట్టుకుని, "ఊఁ, చెప్పు, చెప్పు. ఇప్పుడన్నా చెప్పు" అంటూ వినసాగింది.